ఫోన్‌లో మాట్లాడేవాడిది ఏ పాడి?

మా చిన్నాయనను మేం కాకా అంటాం. పత్తి అమ్మిన డబ్బులు బ్యాంకు ఖాతాలో పడ్డ వారానికి ఆయనకు ఒక ఫోన్ వచ్చింది. "పీఎం కిసాన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నం. నీ కేవైసీ కాలేదు. ఇయ్యాల సాయంత్రం లోపల చెయ్యకుంటే లిస్టుల నుంచి పేరు తీసేస్తరు" అన్నాడు అవతలివాడు. కాకా పేరు చెప్పాడు, ఊరి పేరు చెప్పాడు, తండ్రి పేరు కూడా చెప్పాడు. ఏటీఎం కార్డు మీది అంకెలు చదవమన్నాడు. కాకా చదివాడు. తర్వాత మెసేజ్‌లో వచ్చిన అంకెలు చదవమన్నాడు. అవీ చదివాడు. చేనులో నిలబడి, ఒక చేత్తో ఎద్దు పగ్గం పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని చదివాడు. 38 వేలు పోయాయి.

పోయిన సంగతి కాకాకు ఆ సాయంత్రమే తెలిసింది. మాకు తెలిసింది మాత్రం పదకొండు రోజుల తర్వాత. అన్ని రోజులూ చిన్నమ్మకు "బ్యాంకుల సర్వర్ లేదు" అని చెప్తూ వచ్చాడు. విత్తనాల బాకీ కోసం దుకాణదారు ఇంటికి వచ్చి కూర్చున్నాక ఇక దాచలేక నా దగ్గరికి వచ్చాడు. నేను బడి పంతుల్ని. ఊళ్ళో ఇలాంటివి తెలిసినవాణ్ణి నేనే అని అందరి నమ్మకం. ఆయన చెప్పింది మొత్తం విని నేను అన్న మొదటి మాట ఇది: "ఓటీపీ ఎందుకు చెప్పినవ్ కాకా? టీవీల రోజూ చెప్తున్నరు గదా!"

కాకా కొంచెంసేపు నేల చూశాడు. "మనిషే గద మాట్లాడింది. మనిషి మాట నమ్ముడు కూడా తప్పేనా?" అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఓటీపీ చెప్పొద్దు, లింకు నొక్కొద్దు, తెలియని ఫైలు తెరవొద్దు అని పిల్లలకు పట్టీ చదివి వినిపించడం నాకు వచ్చు. నమ్మడం తప్పా అని ఒక పెద్దమనిషి అడిగితే ఏం చెప్పాలో రాలేదు. అప్పటి నుంచి ఆలోచించినది ఇక్కడ రాస్తున్నాను. తోటి టీచర్లు, చదువుకుంటున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు తప్పయితే తప్పని చెప్పండి.

మొదట ఒక మాట తీసి పక్కన పెట్టాలి. మన వాళ్ళు మోసపోయారని తెలియగానే బయటివాళ్ళు అనే మాట: "పాపం, అమాయక గిరిజనులు." ఈ మాట జాలిగా వినిపిస్తుంది. కానీ దాని లోపల ఇంకో అర్థం ఉంది. వీళ్ళకు తెలివి లేదు కాబట్టి మోసపోయారు అని. ఇది నిజం కాదు. 'డిజిటల్ అరెస్టు' అనే పేరుతో వీడియో కాల్‌లో పోలీసు వేషం వేసుకుని కూర్చుని బెదిరించేవాళ్ళ చేతుల్లో హైదరాబాదు, బెంగళూరుల్లో డాక్టర్లు, ఇంజనీర్లు, రిటైరైన ఆఫీసర్లు లక్షలూ కోట్లూ పోగొట్టుకున్నారు. మన దేశ చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. ఫోన్‌లో ఎవరినీ అరెస్టు చేయరు. ఆ సంగతి చెప్పడానికి 2024 అక్టోబరులో స్వయంగా ప్రధానమంత్రి రేడియోలో మాట్లాడవలసి వచ్చింది. అంత చదువుకున్నవాళ్ళు మోసపోతే వాళ్ళను 'అమాయక పట్టణవాసులు' అని ఎవరూ అనరు. మనకు మాత్రమే ఆ పేరు ఎందుకు?

నిజానికి మన నమ్మకం ఎప్పుడూ గుడ్డి నమ్మకం కాదు. మా గోండుల గూడేలకు కొత్త మనిషి వస్తే మొదట మంచం వేస్తాం, నీళ్ళు ఇస్తాం. అందులో అనుమానం ఉండదు. నీళ్ళు తాగాక పెద్దవాళ్ళు అడుగుతారు: "నీది ఏ పాడి? ఎన్ని దేవుళ్ళ వాళ్ళు? మీ పటేల్ ఎవరు?" నాలుగు దేవుళ్ళ సగనా, ఐదా, ఆరా, ఏడా అన్నది తెలిస్తే ఆ మనిషి మనకు అన్నదమ్ముడో, వియ్యపువాడో తేలిపోతుంది. ఏదో ఒక ఊళ్ళో, ఏదో ఒక పెళ్ళిలో ఇద్దరికీ తెలిసిన మూడో మనిషి దొరుకుతాడు. అప్పటికి గాని మాట ముందుకు పోదు. గోండు కానివాడు వచ్చినా ఆ ప్రశ్నలే వేరే రూపంలో అడుగుతారు. ఏ ఊరు, ఎవరి ఇంటికి, ఏ పని మీద అని.

ఎద్దుల జత కొనేటప్పుడు చూడండి. అంగట్లో నచ్చిన ఎద్దును వెంటనే తోలుకొచ్చేస్తామా? పళ్ళు చూస్తాం, నడిపించి చూస్తాం, తోడు వచ్చినవాళ్ళను అడుగుతాం. నలుగురి ముందు డబ్బు చేతిలో పెడతాం. పిల్ల సంబంధమైతే ఒకసారి పోయి మాట్లాడితే అయిపోదు. ఎన్నిసార్లు తిరుగుతారో అందరికీ తెలుసు.

కాబట్టి మన దగ్గర నమ్మకం అంటే కళ్ళు మూసుకోవడం కాదు. దానికి ఆధారాలు ఉన్నాయి. ఎదురుగా ముఖం ఉంటుంది. ఆ ముఖం వెనుక చుట్టరికమో, ఊరో ఉంటుంది. పక్కన సాక్షులు ఉంటారు. ఆలోచించుకోవడానికి సమయం ఉంటుంది. మాట తప్పితే వెళ్ళి అడగడానికి ఒక ఇల్లు ఉంటుంది. ఇవన్నీ ఉన్నాయి కాబట్టే మన పెద్దలు కాగితం లేకుండా మాట మీద నడిచారు. ఈ ఆధారాలు కనబడనివాళ్ళు దాన్ని అమాయకత్వం అనుకున్నారు.

ఫోన్‌లో మోసం చేసేవాడు ఏం చేస్తాడు? నమ్మకాన్ని మాత్రం అడుగుతాడు. దాని ఆధారాలను ఒక్కొక్కటిగా తీసేస్తాడు. ముఖం ఉండదు, ఉన్నా వేషం వేసిన ముఖం. చుట్టరికానికి బదులు ఎక్కడో సంపాదించిన నీ పేరు, మీ నాయన పేరు చెప్పి తెలిసినవాడిలా మాట్లాడతాడు. సమయం లేకుండా చేస్తాడు: "సాయంత్రం లోపల, పది నిమిషాల్లో, ఇప్పుడే." సాక్షులు లేకుండా చేస్తాడు: "ఎవరికీ చెప్పకు, ఫోన్ పెట్టేయకు." వెళ్ళి అడగడానికి ఇల్లు అసలే ఉండదు. పథకం పేరు మారుతుంది, ఆఫీసు పేరు మారుతుంది. ఒకరోజు కరెంటు బిల్లు, ఇంకోరోజు స్కాలర్‌షిప్, మరోరోజు లాటరీ, పార్సిల్, ఉద్యోగం. పేర్లు గుర్తుపెట్టుకుంటూ పోతే రేపు కొత్తది వస్తుంది. తొందర, రహస్యం మాత్రం దాదాపు ప్రతి మోసంలోనూ ఉంటాయి. ఈ రెండింటిలో ఒకటి వినిపించినా, అవతలివాడు మన ఆధారాలు తీసేస్తున్నాడని అర్థం.

మరి కాకా ఎందుకు పట్టుకోలేకపోయాడు? ఎద్దు పళ్ళు చూసి వయసు చెప్పగల మనిషి, ఆ గొంతును ఒక్క ప్రశ్న కూడా ఎందుకు అడగలేదు? దీని గురించి నేను చాలా ఆలోచించాను. అవతలివాడు మనిషిలా కాదు, ఆఫీసులా మాట్లాడాడు. ఆఫీసును 'నీది ఏ పాడి' అని అడిగే అలవాటు మనకు లేదు. ఆఫీసు అడిగింది ఇవ్వడమే అలవాటు. బియ్యం కావాలంటే వేలు పెట్టు. పింఛను కావాలంటే వేలు పెట్టు. ఆధార్ లింకు కాలేదు, మళ్ళీ రా. ఫోన్ నంబరు కలవలేదు, మళ్ళీ రా. ఓటీపీ వచ్చింది, చెప్పు. ఇవన్నీ నిజమైన పనులే, నిజమైన మనుషులే అడుగుతారు. కానీ ఎందుకు అని మనం అడిగితే ఎన్నిచోట్ల జవాబు చెప్పారు? అడిగితే విసుక్కునే బల్లల ముందు ఏళ్ళ తరబడి నిలబడ్డ మనిషి, ఫోన్‌లో అదే గొంతు వినగానే అడిగింది ఇచ్చేశాడు. 'పేరు తీసేస్తరు' అనే బెదిరింపు కూడా ఆయనకు కొత్త కాదు. కాకా నేర్చుకున్న వినయాన్నే దొంగ వాడుకున్నాడు. ఆ వినయం నేర్పినవాళ్ళకు ఇందులో పాత్ర లేదని అనలేం.

ఈ కథ మనకు కొత్తది కూడా కాదు. మా తాతల కాలంలో సాహుకారు ఉండేవాడు. ఉప్పు, బట్టలు, విత్తనాలు అప్పు ఇచ్చి తన ఖాతా పుస్తకంలో రాసుకునేవాడు. ఏం రాశాడో చదవడం మనకు రాదు. 'ఇక్కడ వేలు పెట్టు' అంటే పెట్టేవాళ్ళం. కొన్నేళ్ళకు ఆ వేలిముద్ర కింద భూమి పోయేది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగిన తర్వాత నిజాం ప్రభుత్వం తరఫున ఈ ప్రాంతాన్ని పరిశీలించిన హైమెన్‌డార్ఫ్, గోండుల భూములు ఎలా చేతులు మారాయో రాసి పెట్టాడు. మార్లవాయిలో గోండు యువకులను టీచర్లుగా తయారుచేసే కేంద్రం ఆ దశాబ్దంలోనే మొదలైంది. మన దగ్గర చదువు మొదట ఉద్యోగం కోసం రాలేదు. వేలు పెట్టే ముందు కాగితంలో ఏముందో తెలుసుకోవడానికి వచ్చింది. ఈ మాట మన టీచర్లం మరిచిపోతున్నాం.

వేలిముద్ర ఇంకా మనల్ని వదలలేదు. ఇప్పుడు ఊళ్ళోకే చిన్న మిషను వస్తుంది. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు చెప్పి వేలు పెడితే డబ్బు వస్తుంది. పిన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. ముప్పై కిలోమీటర్లు బస్సులో పోయి లైన్లో నిలబడే బాధ తప్పింది కాబట్టి అది మంచిదే. కానీ 'సర్వర్ పడలేదు, ఇంకోసారి పెట్టు' అన్నప్పుడు మొదటిసారి నిజంగానే పడలేదా అన్నది ముసలివాళ్ళకు తెలియదు. రసీదు అడగాలని తెలియదు. మిషను పట్టుకొచ్చేవాళ్ళలో ఎక్కువమంది నిజాయితీపరులే. అందుకే రసీదు అడిగితే వాళ్ళు ఏమీ అనుకోరు. అనుకునేవాడి దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. 2018లో మన తెలంగాణలోనే ఒక కేసు బయటపడింది. భూముల రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలు తీసి, వాటితో నకిలీ ముద్రలు తయారుచేసి, వేరేవాళ్ళ పేర్ల మీద సిమ్‌కార్డులు తీశారు. తాతల కాలంలో వేలిముద్రతో భూమి పోయేది. ఇప్పుడు భూమి కాగితం నుంచి వేలిముద్రే పోతోంది. ఆధార్ వెబ్‌సైటులోనో, యాప్‌లోనో బయోమెట్రిక్ లాక్ అనేది ఉంది. అది వేసుకుంటే మన వేలిముద్ర ఎక్కడా పనిచేయదు. అవసరమైనప్పుడు తీసి మళ్ళీ వేసుకోవచ్చు. వేలిముద్రతో రేషనో పింఛనో తీసుకునేవాళ్ళు ఆ రోజు లాక్ తీయడం మరవకూడదు.

ఇప్పుడు కాకా ప్రశ్నకు వస్తాను. తప్పు ఎవరిది?

ఈ ప్రశ్నకు మన ప్రాంతంలో ఒక పెద్ద చట్టం ఇంతకుముందే జవాబు చెప్పింది. మనం 1/70 అని పిలుచుకునే చట్టం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో గట్టిపరిచారు. ఏజెన్సీలో ఆదివాసీ భూమిని ఆదివాసీ కానివాడికి బదలాయిస్తే అది చెల్లదని ఆ చట్టం అంటుంది. అంతకంటే గొప్ప మాట ఇంకొకటి ఉంది అందులో. ఏజెన్సీలో ఆదివాసీ కానివాడి చేతిలో భూమి ఉంటే, అది ఆదివాసీ దగ్గర నుంచే వచ్చిందని ముందుగా అనుకోవాలి. కాదని చూపించవలసిన బాధ్యత అనుభవిస్తున్నవాడిది. 'నువ్వెందుకు వేలు పెట్టావు' అని ఆ చట్టం మన తాతను అడగలేదు. 'ఇది నీ చేతికి ఎలా వచ్చింది' అని తీసుకున్నవాణ్ణి అడిగింది. అమలు ఎంతవరకు జరిగిందన్నది వేరే బాధ. కానీ ప్రశ్న ఎవరిని అడగాలో ఆ చట్టానికి తెలుసు.

నేను కాకాను అడిగిన ప్రశ్న దీనికి సరిగ్గా తలకిందులు. దొంగ ఎవడు అని అడగలేదు. నువ్వెందుకు చెప్పావు అన్నాను.

డబ్బు విషయంలోనూ కొన్ని నియమాలు ఉన్నాయి. ఖాతాదారుకు తెలియకుండా జరిగిన ఆన్‌లైన్ లావాదేవీల గురించి రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఉత్తర్వు ఇచ్చింది. బ్యాంకు తప్పు గాని, మన తప్పు గాని లేకుండా మధ్యలో ఎవరో చేసిన మోసమైతే, బ్యాంకు నుంచి కబురు అందిన మూడు పనిదినాల్లో చెప్తే మన మీద భారం పడదు. మనమే ఓటీపీ వంటివి చెప్పి ఉంటే, బ్యాంకుకు ఫిర్యాదు చేసేవరకు పోయింది మనం భరించాలి. ఫిర్యాదు చేసిన తర్వాత పోయేది బ్యాంకు భరించాలి. ఖాతాదారుడిదే తప్పు అని రుజువు చేయవలసిన బాధ్యత కూడా బ్యాంకుదే అని ఆ ఉత్తర్వులో ఉంది. అంటే ఏ రకంగా చూసినా ఎంత తొందరగా నోరు విప్పితే అంత మంచిది. 1930 అనే నంబరుకు వెంటనే ఫోన్ చేస్తే, దొంగ డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మార్చి తీసుకునే లోపల ఎక్కడో ఒకచోట ఆపగలిగే అవకాశం ఉంటుంది. మొదటి గంటలు గడిస్తే ఆ అవకాశం సన్నగిల్లుతూ పోతుంది.

కాకా పదకొండు రోజులు చెప్పలేదు. ఎందుకు? నాలాంటి వాడు ఏమంటాడో ఆయనకు ముందే తెలుసు. నేను అదే అన్నాను. ఆయన డబ్బు తీసుకుపోయింది దొంగే. తిరిగి వచ్చే అవకాశాన్ని పోగొట్టింది సిగ్గు. ఆ సిగ్గు మోసపోయినవాడి లోపల పుట్టింది కాదు, మనం నవ్వి, తిట్టి, 'చదువు లేకపాయె' అని అతని మీద వేసింది. మోసపోయినవాణ్ణి చూసి నవ్వే ఊరు దొంగకు జీతం లేని పనివాడు.

గోడల మీద కొన్నిచోట్ల రాసి ఉంటుంది: "ఎవరినీ నమ్మవద్దు." నేనూ ఒకప్పుడు తరగతి గదిలో ఇదే రాయించాను. ఇప్పుడు చెరిపించాను. ఎవరినీ నమ్మవద్దని నేర్చుకున్న పిల్ల, రేపు ఎవడో తన ఫొటో మార్చి బెదిరిస్తే ఎవరి దగ్గరికి వస్తుంది? అమ్మ దగ్గరికా, టీచరు దగ్గరికా? నమ్మకం ఉంటేనే కదా వచ్చేది. మోసగాడు 'ఎవరికీ చెప్పకు' అంటాడు. మనం 'ఎవరినీ నమ్మకు' అంటాం. రెండూ కలిసి ఆ పిల్లను ఒంటరిని చేస్తాయి. ఒంటరిగా ఉన్న మనిషినే వాడు కొట్టగలడు. మంద నుంచి విడిపోయిన దూడ కోసమే కదా చిరుత చూసేది. కాబట్టి నా జవాబు ఇది కాకా: నమ్మడం తప్పు కాదు. మన పద్ధతిలో నమ్మాలి. ముఖం, ఊరు, సాక్షి, సమయం, వెళ్ళి అడగడానికి ఇల్లు. ఇవి లేనివాడికి నమ్మకం బాకీ లేము.

ఇంతవరకు మోసపోయేవాళ్ళ గురించి రాశాను. తమ్ముళ్ళతో ఇంకో సంగతి మాట్లాడాలి. ఇది ఎక్కువ చేదుగా ఉంటుంది.

నా దగ్గర చదువుకున్న పిల్లవాడు ఒకడు డిగ్రీ అయిపోయి పట్నంలో ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. ఒకరోజు ఫోన్ చేశాడు. "సార్, ఒకాయన నా బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, ఆ సిమ్ము ఇస్తే ఐదు వేలు ఇస్తనంటున్నడు. నేను చేసే పనేం లేదు. వాళ్ళ వ్యాపారం డబ్బులు వచ్చిపోతయట. ఇయ్యాల్నా?" అన్నాడు.

"వాళ్ళ వ్యాపారానికి వాళ్ళ ఖాతా ఎందుకు లేదని అడిగినవా?" అన్నాను. అడగలేదన్నాడు.

అప్పుడు కాకా 38 వేలు గుర్తుకొచ్చాయి. ఆ డబ్బు గాలిలో పోలేదు. ఏదో ఒక ఖాతాకే పోయింది. ఆ ఖాతా పెద్ద దొంగది అయి ఉండదు. దొంగ తన పేరు మీద ఖాతా తెరవడు. నా విద్యార్థి లాంటి కుర్రవాడిదే అయి ఉంటుంది. ఎక్కడో వేరే రాష్ట్రంలో, వేరే గూడెంలో, ఫీజు కట్టలేకనో, అద్దె కట్టలేకనో ఇచ్చి ఉంటాడు. "నేనెవరినీ మోసం చేయలేదు, ఖాతా మాత్రమే ఇచ్చాను" అని వాడూ అనుకుని ఉంటాడు.

ఈ మాటను నిలబెట్టి చూద్దాం. ఊళ్ళో ఎవరి ఎద్దునో దొంగిలించి ఒకడు రాత్రి మీ కొట్టంలో కట్టేశాడు. కట్టేసినందుకు డబ్బులిచ్చాడు. ఎవరి ఎద్దో మీరు అడగలేదు. తెల్లారి ఎద్దు యజమాని ఏడ్చుకుంటూ మీ ఇంటి ముందు నుంచి పోతాడు. "నేను దొంగిలించలేదు, కొట్టం మాత్రమే ఇచ్చాను" అంటే రాయిసెంటర్‌లో ఏ సార్మెడి అయినా ఒప్పుకుంటాడా? ఎందుకు డబ్బులిస్తున్నాడని అడగకపోవడం కూడా ఒక పని. ఆ పని చేసినందుకే ఆ డబ్బు. మోసపోయిన కాకా అడగకపోవడానికీ, ఖాతా ఇచ్చినవాడు అడగకపోవడానికీ తేడా ఇక్కడే ఉంది. కాకా భయపడి అడగలేదు, నష్టం తనకే. ఇతను లాభం కోసం అడగలేదు, నష్టం వేరేవాడికి.

ఇక పోలీసులు. ఖాతా ఎవరి పేరున ఉంటే మొదట వాళ్ళ దగ్గరికే వస్తారు. ఎక్కడో ఉత్తరాదిలో కేసు నమోదైతే అక్కడి నుంచి వస్తారు. ఐదు వేలు ఇచ్చినవాడి ఫోన్ అప్పటికి స్విచ్ ఆఫ్. మన పిల్లల దగ్గర వకీలుకు డబ్బులుండవు, భాష రాదు, మాట్లాడే మనిషి ఉండడు. ఖాతా ఆగిపోతే స్కాలర్‌షిప్ కూడా ఆగుతుంది.

ఇంకొందరికి విదేశాల్లో కంప్యూటర్ ఉద్యోగమని ఆశ చూపిస్తున్నారు. కంబోడియాకు అలా వెళ్ళి, పాస్‌పోర్టు లాక్కోబడి, మన దేశం వాళ్ళకే ఫోన్లు చేసి మోసం చేయమని హింసించబడిన తెలుగు యువకులు 2024లో బయటపడి విశాఖకు తిరిగి వచ్చారు. అంటే ఫోన్‌లో ఉన్న గొంతు కూడా ఒక్కోసారి మోసపోయిన పిల్లవాడిదే. ఇది తెలిశాక నాకు ఆ గొంతు మీద కోపం కొంత తగ్గింది. దాని వెనుక కూర్చుని లెక్కలు చూసుకునేవాడి మీద పెరిగింది.

నా విద్యార్థి ఖాతా ఇవ్వలేదు. ఆ నెల అద్దెకు ఏం చేశాడో నేను అడగలేదు. అడగవలసింది. ఐదు వేల అవసరం ఉన్న పిల్లవాడికి నీతి చెప్పి ఫోన్ పెట్టేయడం సగం పనే.

టీచర్లకు నాదొక విన్నపం. వంద మోసాల పేర్లు పిల్లలతో బట్టీ పట్టించవద్దు. మూడు అలవాట్లు చేయిద్దాం. ఒకటి, తొందరపెట్టే ఫోన్‌ను పెట్టేయడం. నిజమైన ఆఫీసు రేపు కూడా ఉంటుంది, దాని తలుపు దగ్గరికి వెళ్ళి అడగవచ్చు. రెండు, డబ్బు విషయం ఏదైనా ఇంట్లో ఇంకొకరి ముందు మాట్లాడటం. డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదు, పిన్ కొడితే పోయేదే తప్ప వచ్చేది లేదు అని పిల్లలే అమ్మానాన్నలకు వాళ్ళ భాషలో చెప్పగలరు. గోండిలో, కొలామీలో, కోయలో, లంబాడీలో చెప్తే లోపలికి పోతుంది. మూడు, మోసపోతే ఆ గంటలోనే చెప్పడం. ఈ మూడోది పిల్లల చేతిలో లేదు, మన చేతిలో ఉంది. మనం మొదట ఏం అంటామో దాన్ని బట్టే వాళ్ళు చెప్తారో దాస్తారో తేలుతుంది. "ఎందుకు చేశావు" అని కాదు, "ఎప్పుడు జరిగింది, పద ఫోన్ చేద్దాం" అనాలి. తిట్టడం తప్పనిసరి అనిపిస్తే అది ఫిర్యాదు అయ్యాక చూసుకోవచ్చు.

కాకా డబ్బు తిరిగి రాలేదు. ఫిర్యాదు ఇచ్చాం గాని పదకొండు రోజుల ఆలస్యం ఆలస్యమే. నేను ఆయన ఇంటికి పోయి, ఆ రోజు అలా అన్నందుకు తప్పు ఒప్పుకున్నాను. తర్వాత ఒక నెల రాయిసెంటర్ కూర్చున్నప్పుడు, ఆయనే లేచి తనకు జరిగింది అందరికీ చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. చెప్పి కూర్చున్నాక వెనుక నుంచి ఒక ముసలామె లేచి తన పింఛను సంగతి చెప్పింది. తర్వాత ఒక కుర్రవాడు లేచాడు. ఒక్క మధ్యాహ్నంలో మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎంతమంది నోరు మూసుకుని ఉన్నారో తెలిసింది.

మొన్న కాకాకు మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి బ్యాంకు మేనేజర్నన్నాడట. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. కాకా స్పీకరు పెట్టి, నా వైపు చూసి, గోండిలో తాపీగా అడిగాడు: నీది ఏ పాడి, ఎన్ని దేవుళ్ళ వాళ్ళు అని. అవతల కొంచెంసేపు మాట లేదు. "క్యా?" అన్నాడు. కాకా మళ్ళీ అదే అడిగాడు. ఫోన్ కట్ అయింది.

"జవాబు చెప్పలేదు" అన్నాడు కాకా. ఫోన్ జేబులో పెట్టుకుని ఎద్దులు విప్పడానికి పోయాడు.